మాణిక్యమ్మ రాయించని చీటీ

నేను రాసిన చీటీ ఒకటి ఉంది. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం ముక్క, మూడు వాక్యాలు, కింద సంతకం లేదు. నలభై ఏళ్లయింది. ఆ కాగితం ఎప్పుడో చెత్తలో కలిసిపోయి ఉంటుంది. నా లోపల మాత్రం అలాగే ఉంది. దాన్ని మోస్తూనే టీచరునయ్యాను, పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను, ఆయన్ని సాగనంపాను, రిటైరయ్యాను. మోస్తున్నానని ఎవరికీ తెలియదు. తెలియకుండా మోయడం నాకు బాగా అలవాటైపోయింది.

మీరెవరో నాకు తెలియదు. నాకు కావలసింది అదే. నా మొహం తెలిసినవాళ్ల ముందు ఈ మాట నోటికి రాదు, ప్రయత్నించి చూశాను. పేర్లు మార్చాను. ఊరు పేరు చెప్పను. చిలకలూరిపేట నుంచి గంటలోపు బస్సులో పోగలిగిన మిరప, పత్తి ఊళ్లలో ఒకటి అనుకోండి. ఒక్క సంగతి ముందే చెబుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొచ్చినట్టు అనిపిస్తే నమ్మకండి. ముప్పై ఏళ్లకు పైగా పిల్లల అబద్ధాలు పట్టుకున్నదాన్ని. నా అబద్ధాలు కూడా నాకు తెలుస్తాయి. కాకపోతే చెప్పేటప్పుడు అవి అచ్చం నిజాల్లాగే ఉంటాయి.

ఎస్తేరు నా స్నేహితురాలు. మా పల్లెలో రెండిళ్ల అవతల ఉండేది. మా నాన్న మిషన్ బడి పంతులు. వాళ్ల నాన్న చిన్నప్పుడే పోయాడు. అమ్మ మాణిక్యమ్మ కూలికి పోయి దాన్ని పెంచింది. ఎస్తేరు ఏడో తరగతితో చదువు ఆపేసి అమ్మతోపాటు పొలానికి పోయేది. నేను టెన్త్, ఇంటర్, టీచర్ ట్రైనింగ్ అంటూ ముందుకు పోయాను. అయినా సెలవులొస్తే నేనూ మిరపకాయ కోతలకు పోయేదాన్ని. కూలి కోసం కాదు, ఎస్తేరు పక్కన సాలు పట్టుకుని కబుర్లు చెప్పుకోవడం కోసం. అది కోస్తూ పాడేది. నేను దానికంటే ఎప్పుడూ సగం సాలు వెనక ఉండేదాన్ని. "పంతులమ్మా, కాయ కోయవే, పాఠం తర్వాత చెబుదువు" అని నవ్వేది.

ఆ కోతల్లోనే ఒకరోజు మధ్యాహ్నం దానికి మూర్ఛ వచ్చింది. మాటల మధ్యలో చెట్ల మీదికి ఒరిగిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. మిగతా వాళ్లు గట్టు మీద అన్నాల దగ్గర ఉన్నారు. చూసింది మాణిక్యమ్మ, నేను, ఇద్దరమే. మాణిక్యమ్మ నా కొంగుకి కట్టి ఉన్న పెట్టె తాళంచెవి లాక్కుని కూతురి పిడికిట్లో పెట్టి, ఒళ్లో పడుకోబెట్టుకుని, వచ్చిన వాళ్లతో ఎండదెబ్బ అని చెప్పింది. సాయంత్రం ఇంటికి పోయే దారిలో నన్ను ఆపింది. ఇంతకుముందు కూడా రెండుసార్లు వచ్చిందని, ఈ సంగతి మూడో మనిషికి తెలిస్తే తన బిడ్డకు పెళ్లి కాదని, నా గడ్డం పట్టుకుని బతిమాలింది. చెప్పనని చెప్పాను. ఆ మాట మనసారా అన్నదే. మాట ఇచ్చేటప్పుడు ఎవరైనా మనసారానే ఇస్తారు కదా.

ఇక చీటీల సంగతి చెప్పాలి. మా గుడిలో ప్రతి శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన ఉండేది. గుమ్మం దగ్గర ఓ రేకు డబ్బా పెట్టేవారు. ఎవరికి ఏ కష్టమున్నా చీటీ మీద రాసి అందులో వేయాలి. పేరు రాయకూడదు. పాస్టరమ్మగారు ఒక్కో చీటీ తీసి పైకి చదివితే అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. పేరు లేని కష్టమైతే సిగ్గుపడకుండా చెప్పుకోవచ్చని ఆ ఏర్పాటు. కానీ మా పల్లెలో ఆడవాళ్లలో రాయడం వచ్చినవాళ్లు నలుగురైదుగురు కూడా లేరు. అందుకని గురువారం సాయంత్రం పొలాల నుంచి వచ్చి, స్నానాలు చేసి, ఒక్కొక్కరే మా అరుగు మీదికి వచ్చి నా చెవిలో చెప్పేవారు. నేను రాసేదాన్ని. మొగుడి తాగుడు, గేదె చూడి నిలవకపోవడం, కోడలి నోరు, కొడుకు పరీక్ష. డబ్బాలోని చీటీలన్నీ దాదాపు నా దస్తూరీలోనే ఉండేవి. పల్లె కడుపులో ఉన్నదంతా నా చేతిమీదుగా దేవుడి దగ్గరికి పోయేది. నాకు అప్పుడు ఇరవై ఏళ్లు. ఎంత గొప్పగా అనిపించేదో చెప్పలేను.

ఆ ఏడు ఎస్తేరుకి సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు పొదిలి దగ్గర సర్కారు బడిలో టీచరు. ఏదో ప్రార్థన కూటాల్లో ఇది పాడుతుంటే చూసి, ఈ పిల్లనే చేసుకుంటానని పట్టుబట్టాడట. ఇక్కడ ఒక సంగతి మింగేసి పోదామనుకున్నాను, కానీ మింగితే ఈ రాత ఎందుకు? ఆ సంబంధం మొదట మా నాన్న నా కోసం అడిగించాడు. వాళ్లు వచ్చి కాఫీలు తాగి, ఫొటో పట్టుకెళ్లి, తర్వాత కబురు చేస్తామన్నారు. చేయలేదు. రెండు నెలలకు రెండిళ్ల అవతలికి వచ్చి ఎస్తేరుని అడిగారు.

నాకు ఆ మనిషి మీద ఇష్టమేమీ లేదు. మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. ట్రైనింగ్ చదివిన నన్ను కాదని, ఏడో తరగతి చదివి కాయలు కోసుకునేదాన్ని ఎంచుకున్నాడన్నదే నా మంట. ఎస్తేరు మాత్రం వచ్చి నా భుజం మీద తల పెట్టుకుని, "నాకు బయ్యంగా ఉందే, వాళ్ల ముందు ఎట్టా మాట్లాడాలో నేర్పించవే" అంది. నేర్పించాను. నమస్కారం ఎలా పెట్టాలో, ఎలా కూర్చోవాలో, ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో అన్నీ నేర్పించాను. ఆ పదిహేను రోజుల్లో నా అంత మంచి స్నేహితురాలు ఇంకెవరికీ లేదు.

మాలో పెళ్లి ముందు మూడు ఆదివారాలు గుళ్లో ప్రకటన చదువుతారు. ఫలానా వారి అమ్మాయికీ ఫలానా వారి అబ్బాయికీ పెళ్లి జరగబోతోంది, అభ్యంతరాలున్నవారు చెప్పవచ్చు అని. మూడోది కూడా చదివాకే పెళ్లి. ఎస్తేరు పేరు రెండు ఆదివారాలు చదివారు. ఆ రెండో ఆదివారం తర్వాత వచ్చిన గురువారం, అందరి చీటీలూ రాయడం అయిపోయాక, అరుగు మీద కాగితం ముక్క ఒకటి మిగిలింది. దాని మీద నేను ఇలా రాశాను: "పెళ్లి కుదిరిన నా బిడ్డకు మూర్ఛ రోగం ఉంది. పెళ్లిలోపు నయం కావాలి. పెళ్లివారికి తెలియకుండా దేవుడు కాపాడాలని ప్రార్థించండి."

ప్రార్థన కోసమే రాశానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఎస్తేరు బాగుపడాలని, నలుగురూ కలిసి ప్రార్థిస్తే దేవుడు వింటాడని. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు ఉంది కదూ. ప్రార్థన కోసమైతే ఇంట్లో మోకరించి చేసుకోవచ్చు. పోనీ "నా స్నేహితురాలికి" అని రాయొచ్చు. "నా బిడ్డకు" అని ఎందుకు రాశాను? ఆ ఏడు ప్రకటన చదివిన పెళ్లి ఒక్కటేనని నాకు తెలియదా? కూతురి జబ్బు సంగతి కూతురిచేత రాయించదు కాబట్టి తల్లి నా దగ్గరికే వచ్చి ఉంటుందని అందరూ అనుకుంటారని తెలియదా? ఈ ప్రశ్నలకి జవాబు నాకు ఆ గురువారమే తెలుసు. అక్షరాలు గుండ్రంగా, ఎప్పటిలాగే కుదిరాయి.

శుక్రవారం పాస్టరమ్మగారు ఆ చీటీ సగం చదివి ఆగిపోయింది. కానీ సగం చాలు. మాణిక్యమ్మ ఆ రోజు కోతలు వదులుకుని రాలేకపోయింది. ఎస్తేరు కూడా రాలేదు. వచ్చిన ఆడవాళ్లలో ఒకామె చెల్లెల్ని పొదిలిలో ఇచ్చారు. మాట మర్నాటికే పొదిలి చేరింది. ప్రకటన ఆపేయమని ఆ రాత్రికే పెళ్లివారు పాస్టరుగారికి కబురు పంపారు.

మూడో ఆదివారం ఎస్తేరు కనకాంబరాలు పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను. పాస్టరుగారు ప్రకటనలు చదివారు. కానుకల సంగతి చెప్పారు, సండేస్కూలు సంగతి చెప్పారు. పుస్తకం మూసేశారు. ఎస్తేరు ఇంకా తలెత్తి ఆయన వంకే చూస్తోంది, ఏదో మర్చిపోయి ఉంటారు, ఇప్పుడు గుర్తొస్తుంది అన్నట్టు. పాట మొదలైంది. వెనక ఆడవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు. అప్పటికి ఏం జరిగిందో ఆ గుళ్లో తెలియనిది దానికొక్కదానికే.

మర్నాడు పొద్దున మా పెరట్లోకి వచ్చింది. నేను గిన్నెలు తోముతున్నాను. ఏడుపు లేదు. కళ్లు మాత్రం వాచిపోయి ఉన్నాయి.

"చీటీ నీ దస్తూరీ అంటన్నారు. నిజంగా చెప్పవే. నువ్వు రాశావా?"

"రాసింది నేనే."

"ఎవరు రాయమన్నారు?"

ఇక్కడ ఆగుతాను. నేను చేసిన తప్పేదని అడిగితే చీటీ అని చెబుతాను కానీ, అసలు తప్పు ఇది. చీటీ రాసినప్పుడు నా కళ్లకి అసూయ కమ్మింది అనుకోవచ్చు. ఇప్పుడు నా కళ్ల ముందు మనిషి నిలబడి ఉంది. అడుగుతోంది. నేను ఒక్క మాట అంటే చాలు. నన్ను కొట్టేది, తిట్టేది, జన్మలో నా మొహం చూసేది కాదు. పల్లెలో నా పరువు పోయేది. మా నాన్న తలెత్తుకోలేకపోయేవాడు. మిషన్ బడిలో నాకు రాబోయే ఉద్యోగం రాకపోయేది. ఇవన్నీ ఆ క్షణంలో ఎంత గబగబా లెక్కేసుకున్నానో.

"మీ అమ్మ," అన్నాను.

"మా అమ్మా?"

"బాధపడి వచ్చిందే. నేను వద్దనే చెప్పాను. వినలా."

ఎస్తేరు నన్ను అనుమానించలేదు. అనుమానించి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. తలాడించి ఇంటికి పోయింది. కాసేపటికి రెండిళ్ల అవతల నుంచి అరుపులు వినిపించాయి. మాణిక్యమ్మ గొంతు కూడా వినిపించింది. దేవుడి తోడు, నేను రాయించలేదు తల్లీ, అంటోంది. పేరు రాయరు కాబట్టి బుకాయిస్తున్నావు అంది ఎస్తేరు. నేను గిన్నెలు తోముతూనే ఉన్నాను. శుభ్రంగా తోమాను.

రెండు నెలల్లో ఎస్తేరు వెళ్లిపోయింది. వాళ్ల మేనత్త కొత్తపట్నం దగ్గర ఉండేది. ఆమె చూసిన సంబంధం. పెళ్లాం చచ్చిపోయి ఇద్దరు పిల్లలున్న మనిషి, పడవ మీద పోయేవాడు. బస్సెక్కేటప్పుడు ఎస్తేరు నన్ను కావలించుకుని ఏడ్చింది. తల్లి వంక చూడలేదు. మాణిక్యమ్మ రోడ్డు పక్కన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. బస్సు పోయాక నా వంక చూసింది. ఆమెకు తెలుసు. ఆ రహస్యం ముగ్గురిదే, అందులో తను రాయించలేదని ఆమెకు తెలుసు. నన్ను అక్కడే కడిగేస్తుందనుకున్నాను. కొంగు దులుపుకుని పొలానికి పోయింది.

ఇక్కడితో అయిపోయిందని మీరు అనుకుంటే, నేను కూడా చాలాకాలం అలాగే అనుకోవాలని చూశాను. కాలేదు.

మూడేళ్లకు మాణిక్యమ్మ నా దగ్గరికి వచ్చింది. అప్పటికి నేను మిషన్ బడిలో టీచరుని. మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు పోయారు. కోతల కాలం. మిరప ఘాటుకి ఆమె వేళ్లు ఎర్రగా పొంగి ఉన్నాయి. ఆ చేత్తోనే ఇన్‌లాండ్ లెటర్ ఒకటి పట్టుకుంది. బల్ల మీద పెట్టి, నేల మీద కూర్చుంది. నువ్వెందుకు రాశావని నేనడగను, అంది. చిన్నపిల్లవి, భయపడి నా మీద పెట్టావు, పోనీలే అంది. నా బిడ్డ మూడేళ్లుగా నా గడప తొక్కలేదు, మనుషులతో కబురు పంపితే వెనక్కి తిప్పి పంపింది. ఇప్పుడు నువ్వు నీ చేత్తోనే రాయి, ఆ చీటీ నేను రాయించలేదని రాయి. నీ పేరు కూడా ఎత్తొద్దు. ఎవరు రాశారో తెలవదని రాయి. నా మాటంటే నమ్మదు, నీ దస్తూరీలో వస్తే నమ్ముద్ది.

నన్ను దాచిపెడుతూనే అడిగింది ఆమె. అది గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోలేకపోతున్నాను.

నేను పెన్ను తీసుకున్నాను. రాయడం మొదలుపెట్టాక భయం పట్టుకుంది. ఆమె రాయించకపోతే మరి నేను "మీ అమ్మ" అని ఎందుకన్నానని ఎస్తేరు అడగదా? నా పేరు ఎత్తకపోయినా ఆ వాక్యం నేరుగా నా మీదికే వస్తుంది కదా? అప్పుడు నాకు సంబంధాలు చూస్తున్నారు. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. నేను ఇలా రాశాను: "తల్లీ, ఆ చీటీ నేనే రాయించాను. నీ మేలు కోరి రాయించాను. నన్ను క్షమించి ఒకసారి వచ్చి పో."

రాసి, పైకి ఇలా చదివాను: "తల్లీ, ఆ చీటీ నేను రాయించలేదు. ఎవరు రాశారో తెలియదు. ఒకసారి వచ్చి పో."

మాణిక్యమ్మ కళ్లు మూసుకుని వింది. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను, తడబడకుండా, అదే మాటలు. బాగుంది అంది. స్కూల్లో ముద్రలు వేసే ఊదా సిరా ప్యాడు ఉండేది. ఆమె బొటనవేలు పట్టుకుని నేనే దాని మీద అద్ది, ఉత్తరం కింద వేలిముద్ర వేయించాను. ఆమె వేలు వేడిగా ఉంది. పోతూ పోతూ నన్ను దీవించింది.

ఇంత చేసిన మనిషిని మీరు ఏమంటారో నాకు తెలియదు. నేను నన్ను చాలా మాటలన్నాను. ఏదీ సరిపోలేదు.

ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. మాణిక్యమ్మ కొన్నాళ్లు పోస్టుమాన్‌ని అడిగేది. తర్వాత అడగడం మానేసింది. ఎప్పుడైనా దారిలో కనిపిస్తే, "ఉత్తరం అందిందంటావా అమ్మాయ్?" అనేది. అందే ఉంటుందిలే అత్తా అనేదాన్ని. పదేళ్లు బతికింది. పోయినప్పుడు కొత్తపట్నానికి కబురు పంపారు. ఎస్తేరు రాలేదు. సమాధి దాకా నడిచాను, పాడాను, మట్టి వేశాను. తర్వాత సిమెంటుతో సమాధి కట్టించింది కూడా నేనే. కన్నకూతురు రాకపోయినా పంతులమ్మ కట్టించిందని పల్లెలో చెప్పుకున్నారు. ఆ పొగడ్త కూడా తీసుకున్నాను.

పోయినేడు వానాకాలంలో నాకో ఉత్తరం వచ్చింది. ఈ రోజుల్లో ఉత్తరమేంటని ముందు నవ్వొచ్చింది. ఇప్పుడు పేటలో ఉంటున్నాను, ఒక్కదాన్నే. కవరు మీద దస్తూరీ చూశాక కూర్చుండిపోయాను. అవి ఎస్తేరు అక్షరాలు. నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఒంగోలులో నర్సు. ఎస్తేరు చెవులు చూపించుకోవడానికి పోయి మాటల్లో నా పేరు విని, అడ్రసు పట్టుకుంది. చెవులు పూర్తిగా పోయినయ్యే, ఫోన్లో మాట్లాడలేను, అందుకని రాస్తన్నాను, అని రాసింది. నువ్వు గుర్తొస్తే మనం కోసిన కాయలు గుర్తొస్తాయి, నీది ఎప్పుడూ సగం సాలే, అని రాసింది.

ఏడాదిలో ఆరు ఉత్తరాలు రాసింది. నేనూ రాశాను. సంతోషించానని చెబితే నమ్ముతారా? సంతోషించాను. పోస్టుమాన్ సైకిల్ గేటు దగ్గర ఆగితే ఇరవై ఏళ్లదానిలా లేచి పోయేదాన్ని. భర్త పోయాడని, సవతి కొడుకులు కన్నబిడ్డల కన్నా బాగా చూస్తారని, మూర్ఛ పెళ్లయ్యాక రెండుసార్లు వచ్చి, మాత్రలు వాడాక మళ్లీ రాలేదని రాసింది. పొదిలి టీచరు సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. దానికి బాధ అది కాదు.

నాలుగో ఉత్తరంలో అడిగింది. అమ్మ చివర్లో నా గురించి ఏమైనా అందా అని. దాని కిందే ఇలా రాసింది: "అమ్మ ఆ ఉత్తరంలో ఒప్పుకుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే నిన్ను అనుమానించేదాన్నే, ఎంత పాపం మూటగట్టుకునేదాన్నో చూడు." ఆ ఉత్తరం ఇంకా తన బైబిల్లో ఉందట. ఒప్పుకుంది కాబట్టే ఇంకా కోపం వచ్చిందట. ముందు రాయించలేదని ప్రమాణం చేసి, మూడేళ్లకు రాయించానంటే, ఏ మాట నమ్మాలి, అలాంటి తల్లి మొహం ఎట్టా చూడాలి అనిపించిందట. కాబట్టి ఉత్తరం వాళ్లిద్దర్నీ కలపలేదు సరికదా, మిగిలిన దారి కూడా మూసేసింది. అది మూసింది కూడా నేనే.

నిజం రాద్దామని కూర్చున్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. "ఎస్తేరూ" అని రాసి, ఆ తర్వాత మాట కోసం వెతుక్కునేదాన్ని. ఒకసారి రెండు పేజీలు రాశాను కూడా. చదువుకుంటే అందులో నా అసూయ, నా వయసు, నా భయం అన్నీ ఉన్నాయి. మాణిక్యమ్మ అమాయకురాలన్న మాట ఆఖరి లైన్లో, ఏదో మూలన పడి ఉంది. దాన్ని చింపేసి, మీ అమ్మ చివర్లో నీ పేరే కలవరించింది అని వేరే ఉత్తరం రాసి పోస్టు చేశాను. అది నిజమే. నిజమైన మాట కూడా నేను రాస్తే అబద్ధానికి కాపలా కాసేదే అవుతుంది.

అది చదివాక బయల్దేరింది. ఈస్టరుకి ముందు, సమాధులకు సున్నాలు వేసుకునే వారంలో ఒంగోలు బస్సులో దిగింది. ముసలిదైపోయింది. నేను మాత్రం కాలేదా? బస్టాండులో అందరి ముందూ నా బుగ్గలు పట్టుకుని గట్టిగా, చెవులు పోయినవాళ్లు మాట్లాడినట్టు, "ఏమే పంతులమ్మా, జుట్టంతా ఏం చేసుకున్నావే?" అంది. ఆటోలో మా ఊరు పోయాం. సమాధికి ఇద్దరం కలిసి సున్నం వేశాం. సగం పని అయ్యాక చుట్టూ చూసి, ఇంత మంచి సమాధి కట్టించావు, నీ రుణం ఎట్టా తీర్చుకోను అంది. నేను కుంచె ముంచుతూ ఉన్నాను.

అయిపోయాక సమాధి మీద చెయ్యి పెట్టి నిలబడింది. అటూ ఇటూ సున్నాలు వేసుకుంటున్న వాళ్లంతా ఆగి చూస్తున్నారు. "అమ్మా," అంది పెద్ద గొంతుతో. "నువ్వు నాకు చేసిన దాన్ని నేను క్షమించానే. నీ మీద నాకేం లేదు. నెమ్మదిగా పడుకో." పక్క సమాధి దగ్గర ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఎవరో ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

మాణిక్యమ్మను క్షమించింది. చేయని తప్పుకి, సమాధి మీద చెయ్యి పెట్టి, పదిమంది ముందు. నేను పక్కనే ఉన్నాను, చేతికి సున్నంతో.

నా మొహం చూసి ఎస్తేరుకి ఏదో తోచింది. మనుషులతో మాట్లాడటానికి దాని సంచిలో ఎప్పుడూ చిన్న నోటుపుస్తకం ఉంటుంది. అది తీసి, పెన్ను మూత తీసి, రెండూ నా చేతిలో పెట్టింది. "ఏందే అట్టా అయిపోయావు? ఏదో చెప్పాలనుకుంటన్నావు. రాయి," అంది.

అరవక్కర్లేదు. ఎవరూ వినరు. రెండు మాటలు రాస్తే చాలు. దేవుడు నాకు ఇంతకన్నా సుళువైన దారి ఇవ్వలేడు. పుస్తకం మోకాలి మీద పెట్టుకున్నాను. అది నా పక్కన గట్టు మీద కూర్చుని, పెన్ను ఎప్పుడు కదులుతుందా అని చూస్తోంది.

"ఎండెక్కింది. ఇంటికి పోయి అన్నం తిందాం పద," అని రాశాను.

చదివి నవ్వింది. నా వీపు మీద ఒకటి చరిచి లేచింది. సాయంత్రం బస్సెక్కుతూ, ఇన్నేళ్లకి గుండె తేలికైంది, హాయిగా ఉంది అంది.

చెప్తే ఆ హాయి పోతుంది, తల్లిని అన్యాయంగా దూరం చేసుకున్నానని మిగిలిన రోజులు కుమిలిపోతుంది, అందుకే చెప్పలేదు. ఇలా అనుకుంటే ఎంత బాగుంటుందో. జాలిపడి మానేశానని. నిజంగా జాలేనా? పెన్ను చేతిలో ఉన్నప్పుడు నాకు ఎస్తేరు మిగిలిన రోజులు గుర్తురాలేదు. నా మీద దాని చూపు ఎలా మారిపోతుందో, అదే కళ్లముందు ఆడింది. అది నా బుగ్గలు మళ్లీ పట్టుకోదని భయం వేసింది. పెరట్లో గిన్నెల ముందు వేసిన భయమే. నలభై ఏళ్లలో అది పెద్దదీ కాలేదు, చిన్నదీ కాలేదు. చచ్చినామెకి న్యాయం చేస్తే బతికున్నది చితికిపోతుంది. బతికున్నదాన్ని కాపాడితే చచ్చినామె నేరస్తురాలిగానే ఉండిపోతుంది. ఈ ముడి వేసింది నేను. విప్పడానికి ఇప్పుడు ఎవరో ఒకర్ని మళ్లీ పణం పెట్టాలి. ఎటు తిప్పినా ఆ ఒకరు నేను కాకపోవడమే నా సిగ్గు.

మీరు నన్ను క్షమించకండి. క్షమించడం మీ పని కాదు. ఒకామెకి ఆ హక్కు ఉండేది, ఆమె నన్ను దీవించి పోయింది. ఇంకొకామెకి ఉంది, ఆమెకు తెలియదు. ఒకరోజు రాస్తానేమో. ఏమో, రాయనేమో. నా గురించి నాకు తెలిసినంతలో రాయననే అనుకుంటున్నాను.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ చీటీ మాణిక్యమ్మ రాయించలేదు. నేనే రాశాను. ఈ రెండు ముక్కలు కాగితం మీద పెట్టడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. పెట్టాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆమె కూతురు మాత్రం ఆమెను క్షమించే ఉంది.